గుడ్డు మీద ఈక

అయ్యా,

36 ఏళ్ళు రెవెన్యూ ఆఫీసులో ఊళ్ళోవాళ్ళ అర్జీలకి నంబర్లు వేసి, ‘తగు చర్య నిమిత్తం’ అని రాసి పైకి తోసినవాణ్ణి. తీరా నా అర్జీ నేను రాసుకోవాల్సి వచ్చేసరికి ‘అయ్యా’ దగ్గర కలం ఆగిపోయింది. ఎవరికని రాయను? ముద్దాయిలు పదకొండు మంది. పదకొండు మందీ మా పెరట్లోనే, నా పడకకుర్చీ కిందా, కనకాంబరాల మడిలోనూ పట్టపగలు తిరుగుతున్నారు. పరారీలో ఉన్నవి వాళ్ళ ఈకలే.

ఇది చదివి నవ్వేవాళ్ళుంటారని తెలుసు. మా ఆవిడ ఇప్పటికే నవ్వింది. నా మీద ఆవిడకి పాత ఆరోపణ ఒకటుంది: నేను కోడిగుడ్డు మీద ఈకలు పీకే రకాన్నని. పెళ్ళయిన కొత్తలో అత్తవారు పంపిన సారెలో అరిసెలు లెక్కపెట్టి, చెప్పిన లెక్కకీ వచ్చిన సరుక్కీ నాలుగు తేడా ఉందన్నాను. లెక్క లెక్కే కదా! ఆ రోజు పడిన ముద్ర ఇప్పటికీ చెరగలేదు. అందుచేత కోళ్ళ విషయంలో నా మాట ఎవరూ నమ్మరు. అయినా రాస్తున్నాను. ఎందుకంటే ఈసారి గుడ్డూ లేదు, ఈకలూ లేవు. పీకడానికి నాకేమీ మిగల్లేదు.

మాది తణుకు. ఈ ఊళ్ళో గుడ్డుకి కరువని చెబితే గాడిద కూడా నమ్మదు. చుట్టుపక్కల ఫారాల నుంచి గుడ్లు లారీలకి లారీలు ఒడిశా, బెంగాల్, అస్సాం దాకా పోతాయి. అంత గుడ్ల రాజ్యంలో కాపురముంటూ, సొంత పెరట్లో ఒకే ఒక్క గుడ్డు కోసం ఆర్నెల్లు ఎదురుచూసిన గృహస్థు నేనొక్కణ్ణే అయ్యుంటాను. వీధి చివర కొట్లో అడిగితే చిటికెలో ఇస్తాడు. ‘బయట గుడ్డు గుడ్డే కాదు’ అని మా ఆవిడ సిద్ధాంతం.

సంక్రాంతికి హైదరాబాదు నుంచి మనవడు వచ్చాడు. ఊరు ఊరంతా పందెం కోళ్ళ వెనకాల పడితే, వాడు మాత్రం సైకిలు మీద బుట్టలో వచ్చిన రంగు కోడిపిల్లల వెనకాల పడ్డాడు. గులాబీ, ఆకుపచ్చ, నీలం, పసుపు. ‘దేవుడు వేసిన రంగులు కావురా ఇవి’ అన్నాను. ‘తాతయ్యా, పింక్ దాని పేరు రోజీ’ అన్నాడు. పేరు పెట్టేశాక ఇంక బేరమేముంటుంది? నాలుగూ కొన్నాను. మర్నాడు మా ఆవిడ, ‘నాలుగు పిల్లలకైనా గూడు కావాలి, పద్నాలుగింటికైనా అదే గూడు’ అని లెక్క చెప్పి, వనరాజా పిల్లలు పది తెప్పించింది. హైదరాబాదు రాజేంద్రనగర్‌లో కోళ్ళ పరిశోధన సంస్థవాళ్ళు పెరళ్ళ కోసమనే తయారుచేసిన జాతి. చూడ్డానికి నాటుకోడి, గుడ్ల దగ్గర నాటుకోడికి పెద్దక్క. నేను అరిసెలు లెక్కపెడితే తప్పు, ఆవిడ గూడు లెక్కపెడితే పొదుపు.

పుష్యమాసం చలి. ఒంటి మీద నూగు తప్ప మరేమీ లేని పసికూనలకి మొదటి వారం 35 డిగ్రీల వెచ్చదనం ఉండాలిట. ఆ తరవాత వారానికి రెండు మూడు డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ, ఈకలు వచ్చేదాకా కాపాడాలిట. టీవీ అట్టపెట్టెలో ఊక పరిచి, పైన బల్బు వేలాడదీశాం. బల్బు ఆరిపోతుందేమోనని రాత్రి రెండుసార్లు నేను లేచేవాణ్ణి. (మా అబ్బాయి చంటిపిల్లాడిగా ఉన్నప్పుడు ఒక్కసారైనా లేచారా అని అడిగింది మా ఆవిడ. ఆ ప్రశ్న ఈ అర్జీ పరిధిలోకి రాదు.) ఒకటి చలికే పోయింది. ఒకదాన్ని పిల్లి తీసుకుపోయింది. ఇంకొకటి ఎందుకు పోయిందో తెలియదు. మిగిలినవి పదకొండు.

వారం తిరక్కుండానే రెక్కల కొసన ముళ్ళలాంటివి మొలిచాయి. తరవాత తోక, వీపు, రొమ్ము. అన్నిటికన్నా ఆఖర్న తల. నెల తిరిగేసరికి పెట్టెలో పిల్లలు లేవు, చిరిగిన పరుపులోంచి పారిపోయొచ్చినట్టున్న ఎవరో కుర్రాళ్ళున్నారు. అప్పుడు బయటపడింది రంగు మోసం. నూగు ఉన్నపళంగా రాలదు. కొత్త ఈక దాన్ని కొసన మోసుకుంటూ బయటికొస్తుంది, ఆ తరవాతే అది తునిగి పడిపోతుంది. మూడు వారాలపాటు రోజీ ఒళ్ళంతా తెల్లటి ఈకలు, ప్రతి ఈక చివరా గులాబీ పోగు. చూడముచ్చటగా ఉండేది, ఒప్పుకుంటాను. ఆ పోగులు కూడా రాలిపోయాక మనవడు వీడియో కాల్ చేశాడు. ‘తాతయ్యా, నా రోజీ ఏది?’ చూపించాను. ‘ఇది కాదు. ఇది వేరే కోడి. నువ్వు మార్చేశావు’ అన్నాడు. లంచం తీసుకోకుండా రిటైరైన మనిషిని. ఏడేళ్ళ పిల్లాడు నా మీద సరుకు మార్పిడి నేరం మోపాడు. పైగా రోజీ పుంజు. గుడ్ల కోళ్ళ హేచరీల్లో గుడ్లు పెట్టని మగపిల్లలకి విలువుండదు కాబట్టి ఇలా రంగులద్ది వీధుల్లోకి వదులుతారుట. ఇప్పుడది పొద్దున నాలుగింటికి నా కిటికీ కింద కూస్తుంది.

అక్కడితో అయిపోయిందనుకున్నాను. నెలన్నరకి నిండుగా ఈకలొచ్చాయి. కష్టపడి పెంచాం, ఒక జత బట్టలు కుట్టించాం, ఇక గుడ్డు పెట్టడమే తరువాయి అని కూచున్నాను. మార్చి నెలాఖరున ఓ పొద్దున పెరట్లోకి వెళ్తే ఎవరో దిండు చింపి దులిపినట్టుంది. పదకొండింటిలో ఏడింటి మెడలు బోసి. ఒకదానికి తోకే లేదు. వెనకనుంచి చూస్తే కోడి కాదు, నడుస్తున్న కొబ్బరికాయ.

నేను రిజిస్టరు తెరిచాను. పాత అలవాటు. కోళ్ళ కాళ్ళకి దారాలు కట్టి నంబర్లిచ్చాను. తేదీ, ఆవరణలో దొరికిన ఈకలు, రంగు, పొడవు, అనుమానితులు. మొదటి రోజు ఈకలు 41. రెండో రోజు 58. మూడో రోజు మా ఆవిడ నేను లేవకముందే ఊడ్చేసింది. సాక్ష్యం నాశనం చేశావన్నాను. ‘చీపురు ఇదిగో, రేపటినుంచి మీరే ఊడ్చి లెక్కపెట్టుకోండి’ అంది.

కొక్కెర తెగులేమోనని ఒక భయం. కానీ ఆ తెగులొస్తే కోడి మునగదీసుకుంటుంది, ఆకుపచ్చగా పారుతుంది, మెడ తిరిగిపోతుంది. ఇవేమో నా అన్నం కంచం మీద దాడి చేసేటంత ఆరోగ్యంగా ఉన్నాయి. పక్కింటి మామ్మగారు గోడ మీదినుంచి చూసి, ‘ఏవయ్యా, రాత్రిపూట చూశావా? నెత్తురు తాగే పురుగొకటుంటుంది. పగలు గూటి పగుళ్ళలో దాక్కుంటుంది, చీకటి పడ్డాక కోళ్ళ మీదికెక్కుతుంది. కోళ్ళు కూచునే కర్రని తెల్లగుడ్డతో తుడువు, ఎర్రమరక అంటితే అదే’ అంది. ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. కాకపోతే దాని పర్యవసానం నేను అనుభవించాను.

రాత్రి పదకొండింటికి తెల్లగుడ్డ వెతికితే ఉతికిన నా పంచె దొరికింది. టార్చి నోట కరుచుకుని గూట్లోకి నడుం దాకా దూరి కర్ర తుడుస్తున్నాను. ఆరో నంబరు పెట్ట ఒక్కసారి కెవ్వుమంది. దానితో మిగతా పదీ గొంతు కలిపాయి. మా జిల్లాలో నడిరాత్రి కోళ్ళు అరిచాయంటే ఎవరూ పిల్లి అనుకోరు, దొంగే అనుకుంటారు. పుంజుల విలువ అలాంటిది. మామ్మగారి మనవడు కర్రతో గోడ దూకాడు. వెనకాల ఇద్దరు. ‘వీపు కనిపిస్తోంది, కొట్టండ్రా’ అన్న మాట స్పష్టంగా విన్నాను. నోట్లో టార్చి ఉండగా ‘నేనురా’ అనడం ఎంత కష్టమో అనుభవించినవాడికే తెలుస్తుంది. లైట్లు వెలిగాయి. వీధి వీధంతా వచ్చింది. పంచె చేతిలో ఉన్నా ఒంటి మీద లుంగీ ఉంది కాబట్టి పరువు కొంత దక్కింది. మా ఆవిడ గుమ్మంలో నిలబడి జనాన్ని ఉద్దేశించి ఒకే ఒక మాట అంది: ‘ఈకలు లెక్కపెడుతున్నారండీ.’ అందరూ తలూపి వెళ్ళిపోయారు. అంటే ఆ మాట అందరికీ అర్థమైందన్నమాట.

పంచెకి మరక అంటలేదు. మర్నాడు తోకల కింద ఈకలు విడదీసి చూస్తే పేల గుడ్లూ లేవు. మిగిలింది ఒక్కటే: ఒకదాన్నొకటి పొడుచుకోవడం. జాగా ఇరుకైనా, తిండిలో లోపమున్నా కోళ్ళు పక్కదాని ఈకలు పీకి తింటాయి. ఒక చుక్క నెత్తురు కనిపిస్తే మరీ రెచ్చిపోతాయి. అనుమానం సహజంగా ఆరో నంబరు మీదికే పోయింది. దాన్ని చూస్తేనే తెలుస్తుంది, మంచిది కాదని. నన్ను రెండుసార్లు పొడిచింది కూడాను.

రెండు నెలలు నిండాక కొక్కెర తెగులుకి రెక్క దగ్గర సూది వేయించాలి కదా. ఆ వంకన ముద్దాయిలందర్నీ గంపలో పెట్టి, రిజిస్టరు చంకన పెట్టుకుని పశువైద్యశాలకి వెళ్ళాను. డాక్టరమ్మ చిన్నపిల్ల, మా కోడలి వయసు. రిజిస్టరంతా ఓపిగ్గా చదివింది. ఇంతవరకూ ఆ మర్యాద నాకు ఇంకెవరూ చెయ్యలేదు. తరవాత ఆరో నంబరుని తీసి, మెడ మీద వేలితో తట్టి చూపించింది. ‘బాబాయిగారూ, ఇవి రాలిపోలేదండీ. కింద కొత్తది పుట్టి తోస్తే పాతది ఊడింది. చూడండి.’ చూశాను. బోసి చర్మం మీద వరసగా నీలం నలుపు ముళ్ళు. ‘రెండు వైపులా సమానంగా పోయి, ఖాళీలో ముళ్ళు లేస్తుంటే అది ఈకల మార్పు. ఈక మధ్యకి విరిగి, చర్మం గాయమైతే పొడుచుకున్నట్టు. మీవాటికి గాయాల్లేవు. ఆ ముళ్ళలో నెత్తురు ఉంటుంది, చెయ్యి తగిలితే వాటికి నొప్పి. కొన్నాళ్ళు ఎత్తుకోకండి.’

వారం రోజులుగా నేను పదకొండింటినీ రోజూ ఒళ్ళో కూర్చోబెట్టుకుని, ఈకకి ఈక దువ్వి తనిఖీ చేస్తున్నానన్న సంగతి ఆ అమ్మాయికి చెప్పలేదు. ఆరో నంబరు నన్ను ఎందుకు పొడిచిందో అక్కడే తెలిసింది. దాని మీది కేసు కొట్టేశాను.

‘ఇంక ఇదే ఆఖరా?’ అన్నాను. కాదుట. గుడ్డు పెట్టే వయసొచ్చేలోపు కోడి మూడు మాట్లు బట్టలు మారుస్తుందిట. నూగు పోయి ఈక రావడం ఒకటి. రెండు మూడు నెలల మధ్య ఇంకొకటి. అయిదో నెలలో, గుడ్డుకి ముందు, మూడోది. నా కొడుకు పదో తరగతి రెండు జతలతో గట్టెక్కాడు. ఇవి ఒక్క గుడ్డు పెట్టకముందే మూడు జతలు కట్టేస్తున్నాయి. అయితే ఒక్క విషయంలో మెచ్చుకోకుండా ఉండలేను. రెక్కలో పెద్ద ఈకలు పది. అవి మధ్యనుంచి మొదలుపెట్టి కొస దాకా ఒకదాని తరవాత ఒకటి, వంతులవారీగా మారతాయి. పదీ ఒకే రోజు సెలవు పెట్టడం ఉండదు. మా ఆఫీసులో సంక్రాంతి ముందు ఈ ఏర్పాటు చేద్దామని ముగ్గురు తాసీల్దార్లు ప్రయత్నించి ఓడిపోయారు.

ఇక తిండి సంగతి. ఈకలో నూటికి 85 పాళ్ళ పైన మాంసకృత్తులే. నూకలూ తవుడూ తిని కోడి అంత బట్ట నెయ్యలేదు. డాక్టరమ్మ చేప పొడీ, వేరుశెనగ చెక్కా పెట్టమంది. బీపీ ఉందని నాకు ఎండుచేప మాన్పించి ఆరేళ్ళయింది. ఇప్పుడు రోజూ మా పెరట్లో ఎండుచేపలు దంచుతున్నారు, నాక్కాదు. ఉప్పు కోళ్ళకి కూడా మంచిది కాదని వాటి కోసం ఉప్పు లేని చేపలు వెతికి తెస్తుంది మా ఆవిడ. అలాంటివి ఉన్నాయని ఆరేళ్ళలో నాకెవరూ చెప్పలేదు. మామ్మగారిది ఇంకో పద్ధతి. కుండలో పేడా గడ్డీ కూరి, చెదలున్నచోట రాత్రి బోర్లించి పొద్దున తీస్తే నిండా చెదపురుగులు. మా ఇంట్లో చెదలున్నచోటు ఒకటే, నా పాత కాగితాల పెట్టె ఉన్న మూల. కాగితం చెదకి, చెద కోడికి. నా 36 ఏళ్ళ సర్వీసు ఈ విధంగా ఈకలైంది.

కనకాంబరాల మడి విషయం క్లుప్తంగా చెబుతాను, తలుచుకుంటే బీపీ లేస్తుంది. కోళ్ళకి మట్టిస్నానం ముఖ్యం, ఒళ్ళు దులుపుకుంటే పేలు పట్టవు. వాటికోసం బూడిద కలిపిన మట్టి గంపెడు పోశాను. ఇంట్లో గీజరొచ్చాక బూడిదెక్కడిది? మామ్మగారి పొయ్యిలోంచి అడుక్కొచ్చాను. దానివైపు కన్నెత్తి చూడలేదు. మడి తవ్వుకుని, పూల మధ్య పొర్లుతున్నాయి.

మే నెలలో కాస్త శాంతించాయి. రోహిణి కార్తెలో, రోళ్ళు పగిలే ఎండలో, మూడో విడత మొదలైంది. అప్పుడు మాత్రం వాటిని తప్పుపట్టలేదు. నేనూ చొక్కా విప్పే కూచున్నాను. ఈ విడతలోనే ఆడామగా తేలింది. పుంజులకి మెడ మీదా నడుం మీదా సన్నగా మొన తేలిన ఈకలు, పెట్టలకి గుండ్రటివి. వనరాజాల్లో మూడు పుంజులు. మామ్మగారి మనవడికి కుక్కుట శాస్త్రంలో ప్రవేశముంది. ఈక రంగుని బట్టి కోడికి పేరు, ఆ పేరుని బట్టి ఏ రోజు ఏ దిక్కున ఏది గెలుస్తుందో చెప్పే శాస్త్రమది. రెండో నెలలో ఒకదాన్ని చూసి ‘ఇది కాకి, తాతగారూ’ అని ఖాయం చేశాడు. నల్లటి ఈకలు పోయి అయిదో నెలలో ఎర్రటివి వచ్చేసరికి, ‘ఇది డేగ’ అన్నాడు. జాతకం మారిపోయిందా అంటే, ‘ఈకలు కుదురుకోకముందు చెప్పకూడదండీ’ అన్నాడు. ముందు చెప్పింది ఎవరో! పల్నాటి కోడిపోరు గురించి ఇన్ని వందల ఏళ్ళుగా చెప్పుకుంటున్నాం గానీ, బ్రహ్మనాయుడి పుంజు సరిగ్గా ఆ నెలలోనే ఈకలు మార్చుకుంటూ ఉంటే ఆ యుద్ధం సంగతేమిటని ఎవరూ ఆలోచించినట్టు లేదు.

ఈ మూడు విడతలూ అయ్యాక ఊపిరి పీల్చుకుంటూ ఉంటే మామ్మగారు అసలు కబురు చల్లగా చెప్పింది. ఇదంతా చిన్నతనపు ముచ్చటేనట. అసలు మార్పు వచ్చే ఏడుట. ఏడాది పైచిలుకు గుడ్లు పెట్టాక, పగలు కురచయ్యే రోజుల్లో, తల దగ్గర మొదలుపెట్టి తోక దాకా మొత్తం రాల్చుకుంటుందిట. ఆ రెండు మూడు నెలలూ గుడ్డు బంద్. అంటే దసరా, దీపావళి, కార్తీకం కలిపి పూర్తి జీతంతో సెలవు. తిండి మామూలు కన్నా ఎక్కువ. 36 ఏళ్ళలో నాకు మంజూరైన ఆర్జిత సెలవులు ఎన్నో నా దగ్గర లెక్కుంది (చెదలు తినని పేజీల్లో). ఇందులోనూ మళ్ళీ ఆఫీసు ధర్మమే. బాగా గుడ్లు పెట్టే పెట్ట ఆలస్యంగా మొదలుపెట్టి గబగబా ముగిస్తుంది. పనికిమాలిన పెట్ట అందరికన్నా ముందు మొదలుపెట్టి ఆఖరి దాకా సాగదీస్తుంది.

‘గుడ్డు ఎందుకు ఆపాలి? ఈకల పని ఈకలది, గుడ్డు పని గుడ్డుది’ అని డాక్టరమ్మకి ఫోన్ చేసి అడిగాను. ‘రెండింటికీ సరుకు ఒకటే బాబాయిగారూ. గుడ్డుకి పోవాల్సిన మాంసకృత్తులే ఈకకి పోతాయి’ అంది. ఫోన్ పెట్టేసి చాలాసేపు కుర్చీలోనే ఉండిపోయాను. తరవాత వంటింట్లోకి వెళ్ళాను.

‘నువ్వు నలభై ఏళ్ళుగా అంటున్నావే, ఆ మాట శాస్త్రప్రకారం తప్పు. కోడిగుడ్డుకి ఈకలుంటాయి. కోడే వాటిని గుడ్డులోంచి పీకి తొడుక్కుంటుంది. డాక్టరమ్మ చెప్పింది.’

‘పులుసు మాడుతోంది, అడ్డు లేవండి’ అంది.

అర్జీ ఆఖర్న ‘కావున’ అని మొదలుపెట్టి కోరిక రాయాలి. ‘కావున’ రాసి రెండు వారాలైంది. ఏం కోరాలో తేలక కాగితం దిండు కింద పెట్టుకున్నాను.

ఆషాఢంలో, మొన్న ఆదివారం, తెల్లవారి ఆరింటికి ఆరో నంబరు గూట్లోంచి బయటికొచ్చి ఇల్లెగిరిపోయేలా అరిచింది. వెళ్ళి చూశాను. ఊక మధ్యన గుడ్డు. గోధుమరంగు, వెచ్చగా ఉంది, వంటింటి కాటా మీద పెడితే 38 గ్రాములు. మా ఆవిడ కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ వచ్చి పక్కన నిలబడింది. గుడ్డు మీద, సరిగ్గా నడిమధ్యన, చిన్న తెల్ల ఈక ఒకటి అంటుకుని ఉంది.

ఆవిడ నా వంక చూసింది. పీకాను.